దామోదరం సంజీవయ్య గారు – నేను నేర్చుకున్న లెక్క



ఈ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని సార్ అడిగినప్పుడు మొదట ఒక కవిత రాద్దామనుకున్నాను. కరువు మీద కవిత మన సంచికలో ప్రతిసారీ ఉంటుంది. రాసేవాళ్లు నాకంటే బాగా రాస్తున్నారు. అందుకని ఒక మనిషి జీవితం రాస్తున్నాను. ఆయన మన పక్క జిల్లాలో పుట్టి, మన ఊరికి వచ్చి చదువుకున్నారు. ఆయన పేరు దామోదరం సంజీవయ్య. ఆయన గురించి చెప్పేముందు నా తప్పు ఒకటి చెప్పాలి. ఎందుకంటే ఆ తప్పు చేశాకే నేను ఆయన జీవితాన్ని శ్రద్ధగా చదివాను.

నేను ఐదో తరగతిలో ఒక రేకు పెట్టె, ఒక దుప్పటి తీసుకుని ఈ హాస్టల్లో చేరాను. పదో తరగతి దాకా ఆరేళ్లు ఇక్కడే ఉన్నాను. ఇప్పుడు కాలేజీ హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం, ఎం.పి.సి. చదువుతున్నాను. పదో తరగతిలో ఉన్నప్పుడు నన్ను భోజనం కమిటీకి లీడరుగా ఎన్నుకున్నారు. లీడరంటే గట్టిగా అరిచేవాడని, అందరికంటే ముందు నిలబడేవాడని అప్పుడు నా ఉద్దేశం. నేనూ నా స్నేహితులూ వరుసలో ముందు నిలబడేవాళ్లం. పప్పు అడుగునుంచి కలిపి వేయించుకునేవాళ్లం. చివర నిలబడే మూడో తరగతి, నాలుగో తరగతి పిల్లలకు నీళ్లే మిగిలేవి. ఒకరోజు ఒక చిన్న పిల్లవాడు తన కంచం తెచ్చి నాకు చూపించాడు. ఏమీ అనలేదు. చూపించి వెళ్లిపోయాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ వారంలోనే మా సాంఘికశాస్త్రం మాస్టారు సంజీవయ్య గారి గురించి ఒక పుస్తకం నా చేతికిచ్చారు. ఆ ఒక్క పుస్తకంతో ఆగకుండా దొరికినవన్నీ చదివాను. అందులో నాకు అర్థమైనంత మీకు చెబుతాను.

పెద్దపాడు

కర్నూలు పట్టణానికి ఐదు కిలోమీటర్ల దూరంలో పెద్దపాడు అనే పల్లె ఉంది. 1921 ఫిబ్రవరి 14న ఆ ఊళ్లో ఒక దళిత కుటుంబంలో సంజీవయ్య గారు పుట్టారు. తండ్రి మునెయ్య, తల్లి సుంకులమ్మ. ఐదుగురు పిల్లల్లో ఆయన చివరివారు. వాళ్లకు సెంటు భూమి లేదు. మగ్గం పని చేసీ, కూలికి పోయీ బతికేవారు. సంజీవయ్య గారు పుట్టిన మూడు రోజులకే తండ్రి చనిపోయారు. అంటే ఆయనకు తండ్రి ముఖం తెలియదు.

ఇల్లు గడవక సుంకులమ్మ గారు పిల్లలను తీసుకుని మేనమామ దగ్గరికి పాలకుర్తికి వెళ్లారు. అక్కడ పసివాడైన సంజీవయ్య గారు పశువులు కాశారు. మూడేళ్ల తరువాత మళ్లీ పెద్దపాడుకే వచ్చారు. అప్పుడు ఇంటి భారం పెద్దన్న చిన్నయ్య గారి మీద పడింది. ఆయన కూలికి పోతూ ఇంటిని పోషించారు. తమ్ముణ్ణి మాత్రం కూలికి పంపకుండా బడికి పంపించారు.

ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. చదువుతున్న పుస్తకం పక్కన పెట్టి మా అన్నను తలుచుకున్నాను. మా అన్న తొమ్మిదో తరగతిలో బడి మానేసి బెంగుళూరుకు సెంట్రింగు పనికి పోయాడు. ఆ సంవత్సరం శెనక్కాయ పంట పూర్తిగా ఎండిపోయింది. వేయించిన బోరులో నీళ్లు పడలేదు, అప్పు మాత్రం మిగిలింది. ఇద్దరిలో ఒకరే చదవగలరని ఇంట్లో తేలినప్పుడు మా అన్న ఎవరూ అడక్కముందే సంచి సర్దుకున్నాడు. పుస్తకాల్లో పెద్దవాళ్ల పేర్లు ఉంటాయి, వాళ్ల అన్నల పేర్లు సాధారణంగా ఉండవు. సంజీవయ్య గారి జీవితం ఎక్కడ రాసినా చిన్నయ్య గారి పేరు ఉంది. అది చూసి నాకు సంతోషం కలిగింది.

నడిచి వెళ్లిన బడి

సంజీవయ్య గారు పెద్దపాడులో నాలుగో తరగతి వరకు చదివారు. ఆ తరువాత కర్నూలులోని అమెరికన్ బాప్టిస్టు మిషన్ పాఠశాలలో చేరారు. 1935లో కర్నూలు మునిసిపల్ హైస్కూలులో చేరారు. ఊరినుంచి రోజూ నడిచే వెళ్లేవారు. రానూపోనూ పది కిలోమీటర్లు. మన హాస్టల్ నుంచి స్కూలుకు పది నిమిషాల నడక. ఎండగా ఉందని ఎన్నిసార్లు ఎగ్గొట్టామో మనకు తెలుసు.

ఆ రోజుల్లో దళిత పిల్లవాడు బడికి వెళ్లడమంటే నడక ఒక్కటే కష్టం కాదు. బావి దగ్గర, గుడి దగ్గర, హోటల్లో ఎక్కడ నిలబడాలో, ఎక్కడ నిలబడకూడదో లోకం ముందే గీత గీసి పెట్టింది. బహిరంగ రోడ్లు, బావులు, బడులు అందరివీ అని, అంటరానితనం పేరుతో అక్కడ ఎవరినీ అడ్డుకోకూడదని మద్రాసు రాష్ట్రంలో చట్టం వచ్చింది 1938లో. దానికోసం పట్టుబట్టినవారు ఎం.సి. రాజా. సరిగ్గా ఆ 1938లోనే సంజీవయ్య గారు ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షలో జిల్లాలోనే మొదటివారుగా నిలిచారు. చట్టం పుట్టిన ఏడే ఆ పిల్లవాడు తన మార్కులతో తలెత్తి నిలబడ్డాడు.

చదువంటే ఆయనకు లెక్కలు ఒక్కటే కాదు. తెలుగు, సంస్కృతం ఇష్టంగా నేర్చుకున్నారు. పద్యాలు రాశారు. తోటి విద్యార్థులతో కలిసి నాటకాలు వేశారు. లెక్కలు వచ్చినవాడికి భాష రాదని, భాష వచ్చినవాడికి లెక్కలు రావని మన హాస్టల్లో ఒక నమ్మకం ఉంది. అది సోమరితనానికి మనం పెట్టుకున్న ముద్దుపేరని నాకు అప్పుడు అర్థమైంది.

అనంతపురంలో నాలుగేళ్లు

1938లో సంజీవయ్య గారికి పదిహేడేళ్లు. ఇప్పుడు నాకున్న వయసే. ఆయన మన అనంతపురంలోని దత్తమండల కళాశాలలో చేరారు. ఇప్పుడు మనం ఆర్ట్స్ కాలేజీ అని పిలుస్తున్నది అదే. బళ్లారి, కడప, కర్నూలు, అనంతపురం ప్రాంతాలను నిజాం 1800లో ఇంగ్లీషు కంపెనీకి దత్తం చేశాడు కాబట్టి దత్తమండలాలు అన్నారు. ఎవరో ఎవరికో ఇచ్చేసిన నేల అన్న ఆ పేరు మనవాళ్లకు నచ్చలేదు. 1928లో నంద్యాలలో జరిగిన సభల్లో ఈ ప్రాంతానికి రాయలసీమ అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు సూచించిన చిలుకూరి నారాయణరావు గారు ఈ కాలేజీలోనే పాఠాలు చెప్పినవారు. 1916లో మొదలైన ఈ కాలేజీలో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు కూడా కొంతకాలం పనిచేశారు.

ఈ కాలేజీలో చదివిన మరొకరు నీలం సంజీవరెడ్డి గారు. మన జిల్లాలోని ఇల్లూరులో 1913లో పుట్టారు. ఆయనది భూములున్న కుటుంబం. సంజీవయ్య గారిది కూలి చేసుకునే కుటుంబం. ఇద్దరూ వేర్వేరు సంవత్సరాల్లో ఒకే కాలేజీ మెట్లు ఎక్కారు. వీళ్లిద్దరి కథ మళ్లీ కలుస్తుంది, ముందు చెబుతాను.

మన అనంతపురం ఎలాంటి ఊరో మీకు చెప్పనక్కర్లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల. పడితే ఒక్కసారిగా పడి పోతుంది, లేకపోతే మబ్బు చూపించి మరీ పోతుంది. కర్నూలునుంచి ఇక్కడికి వచ్చిన పిల్లవాడికి కరువు కొత్త కాదు, ఆకలీ కొత్త కాదు. కొత్తది ఒక్కటే, ఇంటికి దూరంగా ఉండడం. ఇంటినుంచి పంపడానికి డబ్బు లేదు. దళిత విద్యార్థుల పైచదువులకు కేంద్ర ప్రభుత్వం ఉపకార వేతనాలు మొదలుపెట్టింది 1944లో. సంజీవయ్య గారు బి.ఏ. పూర్తి చేసింది 1942లో. అంటే మనం ఈరోజు హక్కుగా అడుగుతున్న స్కాలర్‌షిప్పు పథకం పుట్టకముందే ఆయన డిగ్రీ చదువు పూర్తయింది.

ఆయన తీసుకున్న సబ్జెక్టు గణితం. లెక్కలకు ఒక మంచి గుణం ఉంది. ఎవరు చేసినా జవాబు ఒక్కటే వస్తుంది. ధనవంతుడు చేస్తే ఒక జవాబు, పేదవాడు చేస్తే ఒక జవాబు రాదు. ఏ వీధి వాడు చేశాడని లెక్క అడగదు. బయట ఎన్ని గీతలున్నా, నోటుపుస్తకంలో మాత్రం ఆ పిల్లవాడు అందరితో సమానం. ఆయన గణితాన్ని ఎందుకు ప్రేమించారో నేను నా మనసుతో ఇలా ఊహించుకుంటున్నాను. నేను ఎం.పి.సి. తీసుకోవడానికి కూడా కారణం అదే.

ఇప్పుడు నేను రోజూ ఆర్ట్స్ కాలేజీ ముందునుంచి నడిచి పోతాను. అటు చూసినప్పుడల్లా పదిహేడేళ్ల ఒక పిల్లవాడు పుస్తకాలు చంకలో పెట్టుకుని గేటులోకి పోతున్నట్లు అనిపిస్తుంది. అతనికి తాను ముఖ్యమంత్రి అవుతానని తెలియదు. ఆ రోజు పాఠం అర్థం కావాలి, ఆ నెల గడవాలి, అంతే. మనకు కూడా అంతే కదా!

డిగ్రీ చేతికొచ్చాక

డిగ్రీ రాగానే కష్టాలు తీరాయని అనుకోవద్దు. 1942 రెండో ప్రపంచయుద్ధం జరుగుతున్న కాలం. ఉద్యోగం కోసం తిరిగి తిరిగి చివరికి రేషనింగ్ కార్యాలయంలో గుమాస్తాగా చేరారు. తరువాత బళ్లారిలో ప్రజాపనుల శాఖలో తాత్కాలిక ఉద్యోగం దొరికింది. అదీ ఎక్కువ కాలం నిలవలేదు. జిల్లా ఫస్టు వచ్చిన మనిషి, గణితంలో పట్టభద్రుడు, ఒక ఉద్యోగం పోతే మరొకటి వెతుక్కుంటూ నాలుగేళ్లు గడిపారు. నిరుద్యోగులైన మన సీనియర్ అన్నలు ఈ భాగం ఒకటికి రెండుసార్లు చదవాలని నా మనవి.

ఆ తరువాత ఆయన లా చదవాలని నిర్ణయించుకుని మద్రాసు వెళ్లారు. చేతిలో డబ్బు చాలక ఒక స్కూలులో లెక్కల మాస్టారుగా పనిచేస్తూ లా కాలేజీకి వెళ్లారు. అనంతపురంలో నేర్చుకున్న గణితం మద్రాసులో ఆయనకు అన్నం పెట్టింది. 1948లో లా డిగ్రీ తీసుకున్నారు. 1950లో న్యాయవాదిగా నమోదయ్యారు. అదే సంవత్సరం మన దేశానికి రాజ్యాంగం వచ్చింది. అంటరానితనం రద్దయిందని దాని 17వ అధికరణం చెప్పింది. ఆ రాజ్యాంగం కింద ఏర్పడిన తాత్కాలిక పార్లమెంటులో సంజీవయ్య గారు సభ్యులయ్యారు. ఇరవై తొమ్మిదేళ్ల వయసులో, కూలివారి ఇంటి బిడ్డ ఢిల్లీలో చట్టాలు చేసే సభలో కూర్చున్నారు.

1952 ఎన్నికల్లో గెలిచి మద్రాసు శాసనసభకు వెళ్లారు. అక్కడ రాజాజీ మంత్రివర్గంలో మంత్రి అయ్యారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం కర్నూలు రాజధానిగా ఏర్పడింది. ఒకప్పుడు తాను దుమ్ములో నడిచి బడికి వచ్చిన పట్టణానికే మంత్రిగా వచ్చారు. ప్రకాశం పంతులు గారి మంత్రివర్గంలో, బెజవాడ గోపాలరెడ్డి గారి మంత్రివర్గంలో, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక నీలం సంజీవరెడ్డి గారి మంత్రివర్గంలో పనిచేశారు. మొత్తం నలుగురు ముఖ్యమంత్రులు ఆయనను తమ పక్కన కూర్చోబెట్టుకున్నారు. అరిచి గోల చేసేవాణ్ణి ఎవరూ నాలుగుసార్లు పిలవరు. పని తెలిసినవాణ్ణి పిలుస్తారు. 1954లో ఆయన కృష్ణవేణి గారిని వివాహం చేసుకున్నారు.

ముప్పై ఎనిమిదేళ్ల ముఖ్యమంత్రి

1960 జనవరిలో నీలం సంజీవరెడ్డి గారు కాంగ్రెస్ పార్టీ జాతీయ అధ్యక్షుడిగా వెళ్లారు. ఆ స్థానంలో జనవరి 11న దామోదరం సంజీవయ్య గారు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికి ఆయనకు ముప్పై తొమ్మిదేళ్లు కూడా నిండలేదు. మొత్తం భారతదేశంలో ఒక దళితుడు ముఖ్యమంత్రి కావడం అదే మొదటిసారి. ఆ మొదటి మనిషి మన రాయలసీమవాడు, మన అనంతపురంలో చదివినవాడు! ఈ ఒక్క సంగతి మన హాస్టల్ గోడమీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టాలని నా కోరిక.

ఆయన పాలించింది రెండేళ్ల రెండు నెలలు. అంత తక్కువ కాలంలో చేసినవాటిలో మూడు చెబుతాను.

మొదటిది, వృద్ధాప్య పింఛను. 1960లో మన రాష్ట్రంలో అది మొదలైంది. దీని వెనుక మన ప్రాంతంలో ఒక కథ చెప్పుకుంటారు. ముఖ్యమంత్రి అయ్యాక ఆయన పెద్దపాడులో తల్లిని చూడడానికి వెళ్లారట. తిరిగి వెళ్లేటప్పుడు ఖర్చులకు కొంత డబ్బు చేతిలో పెట్టారట. తనకు కొడుకు ఉన్నాడు, కొడుకులు లేని ముసలివాళ్ల సంగతి ఏమిటని ఆమె అడిగిందట. ఆ ప్రశ్నే పింఛను అయిందని చెబుతారు. ఈ కథ నోటినుంచి నోటికి వచ్చింది. కానీ పింఛను మాత్రం నిజం. మా అవ్వ ప్రతినెలా మొదటి తేదీ ఎదురుచూసే ఆ డబ్బుకు మూలం అక్కడుంది.

రెండవది, భూమి. ఆయన కాలంలో బంజరు భూములు పేదలకు పంచే పని ముందుకు సాగింది. 1961లో వ్యవసాయ భూములకు గరిష్ఠ పరిమితి పెట్టే చట్టం అమలులోకి వచ్చింది. ఆ చట్టంలో లొసుగులు ఉన్నాయి. అందుకే 1973లో మరో చట్టం చేయాల్సివచ్చింది. అయినా ఒకరి దగ్గర ఎంత భూమి ఉండవచ్చని ప్రభుత్వం అడగడం ఈ రాష్ట్రంలో అప్పుడు మొదలైంది. సెంటు భూమి లేని ఇంట్లో పుట్టినవాడికి ఆ ప్రశ్న పుస్తకంలో చదివితే తెలిసింది కాదు.

మూడవది, లంచగొండితనం మీద పోరు. మన రాష్ట్రంలో అవినీతి నిరోధక శాఖ 1961 జనవరిలో ఏర్పడింది. ఏ.సి.బి. దాడులని ఇప్పుడు మనం పేపర్లో చదివేది ఆ శాఖ గురించే. ఇతరుల లెక్కలు అడిగే శాఖను పెట్టాలంటే ముందు మన లెక్క సరిగ్గా ఉండాలి. ఆయన లెక్క సరిగ్గా ఉంది. ఇన్ని పదవులు చేసినా ఆస్తులు కూడబెట్టలేదని ఆయనను ఎరిగినవాళ్లందరూ చెప్పారు. తల్లి సుంకులమ్మ గారు కొడుకు ముఖ్యమంత్రి అయినా పల్లెలోని ఇంట్లోనే, కట్టెల పొయ్యి దగ్గరే ఉన్నారని చెప్పుకుంటారు.

ఆ కంచం చూపించిన పిల్లవాడు నాకు మళ్లీ గుర్తొచ్చింది ఇక్కడే. నేను లీడరునయ్యాక పప్పు మొదట నా కంచంలో పడింది. ఆయన ముఖ్యమంత్రి అయ్యాక డబ్బు ఊరూరి ముసలివాళ్ల చేతుల్లో పడింది. నాకూ ఆయనకూ తేడా ఏమిటో నాకు బాగా తెలిసింది.

కుర్చీ దిగాక

1962 మార్చిలో ఎన్నికల తరువాత నీలం సంజీవరెడ్డి గారు మళ్లీ ముఖ్యమంత్రిగా వచ్చారు. అదే ఏడాది సంజీవయ్య గారు కాంగ్రెస్ జాతీయ అధ్యక్షుడయ్యారు. ఆ పదవిలో కూర్చున్న మొదటి దళితుడు ఆయనే. మన కాలేజీలో చదివిన ఇద్దరు ఇలా ఒకరి స్థానంలోకి ఒకరు వెళ్లారు. ఇల్లూరు సంజీవరెడ్డి గారు 1977లో దేశానికి రాష్ట్రపతి కూడా అయ్యారు. కరువు జిల్లా కాలేజీ అని ఎవరైనా తక్కువగా మాట్లాడితే ఈ రెండు పేర్లు చెప్పండి.

1964లో సంజీవయ్య గారు కేంద్రంలో కార్మిక శాఖ మంత్రి అయ్యారు. సంజీవయ్య గారు మన ఊళ్లో బి.ఏ. పూర్తి చేసిన 1942లోనే డాక్టర్ అంబేద్కర్ వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖను చేపట్టారు. ఇరవై రెండేళ్ల తరువాత అదే శాఖ సంజీవయ్య గారి చేతికి వచ్చింది. ఆయన మంత్రిగా ఉండగా 1965లో బోనస్ చెల్లింపు చట్టం వచ్చింది. ఇరవై మంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట యజమాని కనీస బోనస్ ఇచ్చి తీరాలి. ఏడాది జీతంలో 4 శాతం లేదా 40 రూపాయలు, ఏది ఎక్కువైతే అది అని మొదట నిర్ణయించారు. తరువాతి కాలంలో అది 8.33 శాతమైంది.  ఆ చట్టంతో అది కార్మికుడి హక్కు అయింది.

అయితే ఆ చట్టం వివరాలు చదువుతుంటే నాకు ఒకచోట మనసు కలుక్కుమంది. భవన నిర్మాణంలో కాంట్రాక్టర్ల కింద పనిచేసేవాళ్లకు అది వర్తించదని అందులో ఉంది. ఆ మినహాయింపును 2007లో తీసేశారు. అంటే మా అన్నలాంటివాళ్లు నలభై రెండేళ్లు ఆ గడప బయటే ఉన్నారు. ఇప్పుడు కాగితం మీద లోపలికి వచ్చినా, మేస్త్రీ కింద పదిమంది రోజుకూలీలుగా చేసేచోట బోనస్ అన్న మాట ఎవరూ ఎత్తరు. నాకు ఆయన మీద గౌరవం తగ్గలేదు. ఎంత పెద్ద నాయకుడైనా లెక్క మొత్తం తానొక్కడే పూర్తి చేయలేడని, మిగిలిన లెక్క తరువాత వచ్చినవాళ్లు చేయాలని మాత్రం తెలిసింది.

1970లో ఆయన మన దేశంలోని కార్మిక సమస్యల మీద, పారిశ్రామిక అభివృద్ధి మీద ఇంగ్లీషులో ఒక పుస్తకం రాశారు. మరోసారి కార్మిక మంత్రిగా, 1971లో మరోసారి కాంగ్రెస్ అధ్యక్షుడిగా బాధ్యతలు తీసుకున్నారు. ఆ పదవిలో ఉండగానే 1972 మే నెలలో ఢిల్లీలో గుండెపోటుతో మరణించారు. అప్పటికి ఆయనకు యాభై ఒక్క సంవత్సరాలే. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఉన్న సంజీవయ్య పార్కు, కర్నూలు జిల్లాలో హంద్రీ మీద గాజులదిన్నె దగ్గరున్న సంజీవయ్య సాగర్, విశాఖపట్నంలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఆయన పేరుతో ఉన్నాయి. 2008లో ఆయన బొమ్మతో తపాలా బిళ్ల కూడా వచ్చింది. పార్కుకు వెళ్లి ఫోటో దిగే మనవాళ్లలో ఆ పేరు ఎవరిదో తెలిసినవాళ్లు ఎందరున్నారో!

నా లెక్క

తమ్ముళ్లారా! నేను ఉపన్యాసం ఇవ్వడానికి పెద్దవాణ్ణి కాదు. నేను ఏం నేర్చుకున్నానో చెప్పి ముగిస్తాను.

మనలో ప్రతి ఒక్కరి చదువు వెనుక చదువు మానేసినవాళ్లు ఒకరున్నారు. అన్నో, అక్కో, అమ్మో. వాళ్లు ఇంటి భారం మోశారు కాబట్టి మనం ఇక్కడ కూర్చుని పుస్తకం తెరుస్తున్నాం. అది మన మీద ఉన్న అప్పు. ఉద్యోగం వచ్చాక ఇంటికి డబ్బు పంపితే ఆ అప్పులో కొంత తీరుతుంది. మొత్తం తీరదు. సంజీవయ్య గారు అన్న చిన్నయ్య గారి కూలితో చదువుకుని, దేశంలోని కూలివాళ్లందరి కోసం చట్టం చేసే దాకా వెళ్లారు. ఒక ఇంటి అప్పును ఆయన అన్ని ఇళ్లకూ తీర్చాలని చూశారు. నాయకత్వమంటే ఇదేనని నేను నమ్ముతున్నాను.

పుస్తకం చదివిన మరుసటి రోజునుంచి నేను భోజనం వరుసలో చివర నిలబడ్డాను. ముందు మూడో తరగతి పిల్లలు, ఆ తరువాత నాలుగు, అలా చివరికి పదో తరగతి. మా స్నేహితులు కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. ఒకరిద్దరు ఇప్పటికీ మాట్లాడరు. కొన్నిసార్లు నాకు నీళ్ల పప్పే వచ్చింది. అప్పుడుగానీ పప్పు తక్కువగా ఉందన్న సంగతి వార్డెన్ సార్‌కు చెప్పాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. చివర నిలబడినవాడికే వంట ఎంత చాలుతుందో తెలుస్తుంది.

నేను డిగ్రీ చేసి, లా చదివి, లేబర్ ఆఫీసర్ కావాలనుకుంటున్నాను. పోయిన దసరాకు మా అన్న ఇంటికొచ్చినప్పుడు ఇద్దరం కూర్చుని భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు దరఖాస్తు నింపాము. పద్దెనిమిదేళ్లు నిండి, ఏడాదిలో తొంభై రోజులు ఆ పని చేసినవాళ్లు పేరు నమోదు చేసుకోవచ్చు. పని చేసినట్లు ధ్రువపత్రం కావాలి. మేస్త్రీ సంతకం పెట్టలేదు. దరఖాస్తు మా అన్న సంచిలో అలాగే ఉంది. మీ ఇళ్లలో కూడా ఈ పని చేసేవాళ్లు ఉంటారు. ఈ సంగతి వాళ్లకు చెప్పండి, దరఖాస్తు మీరే నింపి ఇవ్వండి. చదువుకున్నందుకు మనం చేయగలిగిన మొదటి పని అదే.

ఒకసారి నేను కూడా చదువు మానేసి బెంగుళూరు వస్తానన్నాను. ఇద్దరం సంపాదిస్తే అప్పు తొందరగా తీరుతుందని. మా అన్న ఫోనులో ఏమీ మాట్లాడలేదు. చాలాసేపటి తరువాత ఆ నెల పరీక్షలో లెక్కలకు ఎన్ని మార్కులొచ్చాయని అడిగాడు. చెప్పాను. సరేనని ఫోను పెట్టేశాడు. మళ్లీ ఆ మాట నేను ఎత్తలేదు.

ఈ సంచిక అచ్చయ్యాక ఒక ప్రతి మా అన్న కోసం దాచిపెడతాను. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు పక్కన కూర్చుని చదివి వినిపిస్తాను. చిన్నయ్య గారి పేరు వచ్చిన చోట కొంచెం ఆగుతాను.